వానను చాలనకూడదు

ఎర్రొడ్డుపల్లిలో మొగుణ్ణి తిట్టొచ్చు, ఎమ్మెల్యేని తిట్టొచ్చు, అవసరమైతే దేవుణ్ణీ తిట్టొచ్చు. వానను మాత్రం పల్లెత్తు మాట అనకూడదు. పెళ్లిపందిట్లో కురిసి పప్పన్నమంతా నీళ్లపాలు చేసినా “వచ్చిందిలే తల్లి” అనాలి. ఆరబోసిన చెనిక్కాయలు కళ్లముందే తడిసి మొలకెత్తినా గుటక మింగి ఊరుకోవాలి. “చాలు” అన్న మాట పొరపాటున నోట్లోంచి జారిందా, వాన అలిగి వెళ్లిపోతుంది. మళ్లీ ఎన్నేళ్లకు ఇటు తిరిగి చూస్తుందో ఎవరూ చెప్పలేరు. కరువు ఎప్పుడో ఒకసారి వచ్చే ఊరు కాదది, వాన ఎప్పుడో ఒకసారి వచ్చే ఊరు. అలాంటిచోట గడప తొక్కిన చుట్టాన్ని ఎప్పుడు బయల్దేరతావని ఎవరడుగుతారు?

నాజ్‌నీన్‌ది ఆ ఊరే. ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలోనే స్టాఫ్ నర్సు. చదువుకుంది, పెద్దాసుపత్రుల్లో పనిచేసి వచ్చింది, అయినా వాన విషయంలో ఆమెకూ నోరు లేవదు. చెనిక్కాయ రైతు నూర్ అహమ్మద్ కూతురికి ఎలా లేస్తుంది? ఆ ఏడాది విత్తనం వేసిన చేను వేసినట్టే మాడిపోతుంటే, ఆయన ఊళ్లోని సాయిబులందరితో కలిసి ఎండిన చెరువులోకి నడిచివెళ్లి, అరచేతులు నేలవైపు తిరగేసి పట్టి, వాన కోసం నమాజు చేశాడు. అదే వారం చెరువు పెత్తందారు కుళ్లాయప్ప మనుషులు కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పారు. చర్చిలో ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఎవరి మొర ఎవరు విన్నారో గానీ, దసరా దాటాక వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

ఆరోగ్య కేంద్రం గురించి కూడా చెప్పాలి. దాన్ని వంక గట్టున కట్టారు. వంకలో నీళ్లు పారగా చూసినవాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లకూ సరిగా గుర్తులేదు. ఖాళీ జాగా, పైగా సర్కారు జాగా, ఇంకేం కావాలి? ఆ కట్టడంలో అందరూ మెచ్చుకునేది చల్లగది. కొన్నేళ్ల కిందట ఉపాధి పనికి వెళ్లినవాడొకడు వడదెబ్బతో ఆసుపత్రి రేకుల వరండాలోనే ప్రాణం వదిలాడు. వాడి నెత్తిన తడిగుడ్డ వేస్తూ కూర్చున్నది నాజ్‌నీనే. ఆ తర్వాత ఆమె పై అధికారుల చుట్టూ తిరిగి తిరిగి, భూమిలోకి సగం దింపి ఒక గది కట్టించింది. ఎండాకాలంలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల చెట్టుకింద కూర్చున్నట్టుండేది. కరెంటు పోయినా పాడవకుండా ఉంటాయని టీకాల ఫ్రిజ్జు, మందులు, ఆక్సిజన్ మిషన్, జనరేటరు అన్నీ అందులోకే దించారు. అధికారులు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఎండను గెలిచామని అందరూ అనుకున్నారు, నాజ్‌నీన్ అందరికంటే ఎక్కువ అనుకుంది. ఆ గది ఆమెకు బిడ్డలాంటిది.

వాన అలా పట్టి వదలని రోజుల్లో ఒక పొద్దున, చెరువు నిండి మిగులు నీళ్లు మరవ మీంచి పొర్లుతున్నాయని ఊరంతా కేకలు. ఆమె డ్యూటీకి వచ్చేసరికి వంకలో ఎర్రటి నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆసుపత్రి ముందు అప్పుడే తిప్పమ్మ తన కోడలు సారాను నడిపించుకుని వస్తోంది. తొలిచూలు. నొప్పులు మొదలయ్యాయి గానీ ఇంకా నవ్వగలుగుతోంది. వెనకే కొడుకు యేసన్న, సంచీలో పాతచీరలు, ఫ్లాస్కు పట్టుకుని.

“వానలో పుట్టే బిడ్డది మహాజాతకం సిస్టరమ్మా,” అంది తిప్పమ్మ. ఆదివారం చర్చికి తప్పదు గానీ, చెరువు నిండితే గంగమ్మకు కొబ్బరికాయ కొట్టడమూ ఆమె మానదు. ఇద్దరినీ మంచి చేసుకుంటే పోయేదేముందని ఆమె లెక్క.

సారాను కాన్పుగదిలో పడుకోబెట్టి, నాజ్‌నీన్ మందు తేవడానికి చల్లగదికి దిగింది. చివరి మెట్టు తడిగా ఉంది. గోడ మూల నుంచి సన్నగా నీరు ఊరుతోంది. ఫ్రిజ్జులోంచి కాన్పయ్యాక రక్తం పోకుండా ఇచ్చే ఇంజెక్షను ఒకటి తీసుకుని పైకి వచ్చి, డాక్టర్ అభిలాష్‌కు ఫోన్ చేసింది. ఆయన వంకకు అవతల, గోరంట్ల రోడ్డులో చిక్కుకుపోయి ఉన్నాడు. కుర్రవాడు, మంచివాడు, సముద్రం పక్క ఊరినుంచి వచ్చాడు.

“మా వైపైతే ఈపాటికి అన్నీ మేడెక్కించేవాళ్లం సిస్టర్. కానీ ఇది మీ ఊరు, మీకే బాగా తెలుస్తుంది. ఏం చేద్దామంటారు?” అన్నాడు.

“పైకి మారుద్దాం సార్,” అందామె. అని, ఫార్మసిస్టు ఆంజనేయులును పిలిచింది. ఇద్దరూ మందుల పెట్టె ఒకటి మోసుకొచ్చి వరండాలో పెట్టారు.

సరిగ్గా అప్పుడే తప్పెట్లు వినిపించాయి. ఊరు ఊరంతా మరవ దగ్గరికి బయల్దేరింది. ముందు కుళ్లాయప్ప, నెత్తిన గంగమ్మకు పట్టుచీర, పసుపు కుంకుమ పెట్టిన తట్ట. చెరువు నీళ్లు వదిలే పెత్తనమంతా ఆయనది. నీళ్లే లేని చెరువుకు ఇన్నాళ్లూ ఉత్త పెత్తందారుగా ఉన్నవాడు, ఆ రోజు నేల మీద నడవడం లేదు. ఆయన వరండా దగ్గర ఆగి పెట్టెను చూశాడు.

“ఏమ్మా, ఏంది సర్దుతాండావు?”

“నీళ్లు వచ్చేట్టు ఉండాయి పెద్దాయనా. వాన ఇంగ కొంచెం...”

మాట పూర్తి కాలేదు. తిప్పమ్మ లోపల్నుంచి ఒక్క అంగలో వచ్చి అరచేత్తో ఆమె నోరు మూసేసింది. “అనద్దు! అనద్దు తల్లీ! నా కోడలు లోపల ఉండాది, ఈ పూట ఆ మాట అనద్దు.”

“తల్లి ఇంటికొచ్చిన రోజే మూటాముల్లే సర్దుకుంటారా ఎవురన్నా?” అన్నాడు కుళ్లాయప్ప, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. “ఇరవై ఏండ్లు ఆ చెరువులో గొర్రెలు మేపినాం. వాన రాకడ, ప్రాణం పోకడ మన చేతిలో ఉండాయామ్మా? మరవ కాడికి పోయి రెండు టెంకాయలు కొట్టి వస్తాం. సాయంత్రం నేనే మనుషుల్ని పంపిస్తా, నీ పెట్టెలన్నీ మోయిస్తా.”

జనం మధ్యలో తండ్రి కనిపించాడు. ఒళ్లంతా తడిసి, పండగ నాటి ముఖంతో ఉన్నాడు. ఆయన్ను అంత సంతోషంగా నాజ్‌నీన్ ఎన్నడూ చూడలేదు. “అడిగి తెచ్చుకున్న వాన, బిడ్డా,” అన్నాడు మెల్లగా.

చదువు చెప్పిన జవాబు ఒకటుంది గానీ, అది నోటిదాకా రాలేదు. ఆమె పెట్టె మళ్లీ కిందికి దింపించింది. ఆంజనేయులు “టెంకాయ కొట్టేసి వస్తా మేడం” అంటూ జనంలో కలిసిపోయాడు.

మధ్యాహ్నానికి సారా ఆడపిల్లను కన్నది. బొద్దుగా ఉంది, పుట్టగానే ఏడ్చింది. తిప్పమ్మ మనవరాలిని ఎత్తుకుని ముద్దులాడుతుంటే, నాజ్‌నీన్ తెచ్చుకున్న ఇంజెక్షను పొడిచి, మాయ పడేదాకా చూసి, ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చిన ఊపిరి వదలకముందే పరుపు మీద ఎరుపు పాకడం కనిపించింది. గర్భసంచి గట్టిపడటం లేదు. పొట్టమీద ఎంత రుద్దినా మెత్తగా పిండిముద్దలాగే ఉండిపోయింది.

“యేసన్నా! చల్లగదిలో ఫ్రిజ్జు ఉండాది, నీలం మూత డబ్బా. డబ్బా డబ్బానే తీసుకురా. ఉరుకు!”

యేసన్న ఉరికాడు. ఉరికినంత వేగంగానూ తిరిగొచ్చాడు, నడుందాకా బురద. “మెట్లే కనపడ్ల్యాదు మేడం. గదంతా నీళ్లే. తలుపు తోసినా, కాళ్లతో తన్నినా రాలేదు.” వాడి గోళ్ల నుంచి రక్తం కారుతోంది.

మరవ మీంచి దూకిన నీళ్లన్నీ వంకలోకే వచ్చాయి. వంక తన జాగా తను తీసుకుంది. నాజ్‌నీన్‌కు ఆ క్షణంలో అన్నీ తెలిశాయి. ఇంజెక్షన్లు అక్కడ, మాత్రలు అక్కడ, తను పోట్లాడి కట్టించుకున్న గదిలో, నీళ్ల కింద. పెట్టె వరండాలోనే వదిలేసి ఉంటే ఇప్పుడు చేతికందేది. పొద్దున తన చేత్తోనే దింపించింది. వార్డులో ఉన్న సెలైన్ సీసాలు రెండు వైపులా ఎక్కించి, ఒక పిడికిలి లోపల, ఒక అరచెయ్యి పొట్టమీద పెట్టి, రెంటి మధ్య గర్భసంచిని బిగించి పట్టింది. అలా పట్టినంతసేపు రక్తం తగ్గుతుంది. వదిలితే పోతుంది.

“సిస్టరక్కా, పాప ఎర్రగా ఉండాదా?” అని అడిగింది సారా.

“ఎర్రగా ఉండాది. నీ మాదిరే ముక్కు. నిద్రపోవద్దు సారా, నాతో మాట్లాడుతా ఉండు.”

యేసన్న మరవ దగ్గరికి పరుగెత్తి కుళ్లాయప్ప ట్రాక్టరు తెచ్చాడు. ట్రాలీలో పరుపు వేసి సారాను చేర్చారు. నాజ్‌నీన్ చెయ్యి తీయకుండానే మోకాళ్ల మీద కూర్చుంది. పైన తార్పాలిన్ పట్టుకుని నలుగురు మగవాళ్లు ముఖాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. వంక దాటితే చాలు. ఫోన్ అందుకుని అవతల అంబులెన్సు వచ్చి ఉంది, అభిలాష్ మందు చేత పట్టుకుని అందులోనే ఉన్నాడు. గోరంట్ల రోడ్డు వంకను దాటేచోట ట్రాక్టరు ఆగింది. రోడ్డు లేదు. ఎర్రనీళ్లు చెట్లను వేళ్లతో సహా దొర్లించుకుంటూ పోతున్నాయి. ఆ ఒడ్డున అంబులెన్సు దీపం ఎర్రగా, నీలంగా తిరుగుతోంది. కేకేస్తే వినపడే దూరం.

“వాన నిలిస్తే దిగుతాది. కొద్దిసేపు నిలిస్తే సాలు, ట్రాక్టరు దిగబడకుండా దాటిస్తా,” అన్నాడు కుళ్లాయప్ప. వాన నిలవలేదు. ఊరంతా మరవ దగ్గర్నుంచి అక్కడికే వచ్చి నిలబడింది, నుదుట కుంకుమలు చెంపల మీదికి కారుతూ. అందరి మనసులోనూ ఒకే మాట ఉంది, ఒక్కరూ పైకి అనలేదు. నాజ్‌నీన్‌కు ఆ మౌనం మీద ఒళ్లు మండిపోయింది.

“అనండప్పా! సాలని అనండి! నోర్లు పడిపోయినాయా మీకు?” అని అరిచింది.

నూర్ అహమ్మద్ ఒక్కడు నీళ్ల అంచుకు నడిచాడు. వాన కోరినప్పుడు నేలవైపు తిరగేసిన అరచేతులు ఇప్పుడు ఆకాశం వైపు పట్టాడు. పెదవులు కదిలాయి, మాట వినపడలేదు.

అంతలో నాజ్‌నీన్ పిడికిలి చుట్టూ వెచ్చగా కారుతున్నది ఆగింది. అమ్మయ్య అనుకుంటూ తలెత్తి సారా ముఖం చూసింది. చూశాక కూడా చాలాసేపు చెయ్యి తీయలేదు. యేసన్న వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, “ఇంగ వదిలెయ్ మేడం,” అన్నదాకా తీయలేదు.

తర్వాత ఎండ కాసింది. వంక బుద్ధిమంతురాలిలా గట్టు దిగింది. చేలన్నీ పచ్చబడ్డాయి, ఆ పచ్చదనం చూడాలంటే నాజ్‌నీన్‌కు అసహ్యం వేసింది. అధికారులు వచ్చి చల్లగది గోడమీద బురద మరకను ఫొటో తీసుకున్నారు. ముందే ఎందుకు మార్చలేదని అడిగారు. వానకు కోపం వస్తుందని ఎలా చెబుతుంది? “నాదే తప్పు సార్,” అంది. “అలా రాయలేం లెండి,” అన్నారు వాళ్లు. కొత్త ఫ్రిజ్జు పంపించారు. దాన్నీ చల్లగదిలోనే పెట్టమన్నారు, ఎండాకాలం దగ్గర్లోనే ఉందిగదా అని.

ఫ్రిజ్జు వచ్చిన రోజే తూర్పున మళ్లీ మబ్బు పట్టింది. నాజ్‌నీన్ ఎవరినీ అడగలేదు. ఫ్రిజ్జును బడి మేడమీదికి మోయించమని ఆంజనేయులుకు చెప్పి, మందుల పెట్టెలు తనే వరండాలోకి ఈడ్చుకొచ్చింది. రచ్చ దగ్గర జనం నిలబడి చూస్తున్నారు. కుళ్లాయప్ప కూడా. ఆమె ఈసారి వాళ్ల ముఖాలు చూడలేదు.

తిప్పమ్మ మనవరాలిని చంకనేసుకుని టీకా కోసం వచ్చింది. వరండాలో పెట్టెలు చూసి ఆగింది. తలెత్తి మబ్బును చూసింది. ఆనాడు నాజ్‌నీన్ నోరు మూసిన చెయ్యి పిల్ల వీపు మీద ఉంది. ఇరుగింటి ఆడమనిషితో చెప్పుకున్నట్టు, గొంతు పెంచకుండా, అందరికీ వినపడేట్టు అంది:

“సాలు తల్లీ. మాకు ఇంగ సాలు. కోడల్ని ఇచ్చినాం, ఈ పిల్లను మాత్రం ఇయ్యలేం.”

ఎవరూ ఆమె నోరు మూయలేదు. ఆమె పిల్లను చంక మార్చుకుని, వంగి, ఒక పెట్టె నెత్తికెత్తుకుని బడివైపు నడిచింది. కాసేపటికి కుళ్లాయప్ప వచ్చి రెండోది ఎత్తుకున్నాడు.