అరువు చెయ్యి

ఆగస్టు పదకొండు. ఆ పొద్దున మా బూట్ల షెడ్డులో ఎవరూ టిఫిను డబ్బా తెరవలేదు. మా వదిన మాత్రమే తిన్నది, అదీ మాత్రలు. తనవి చాలవని పక్క బెంచీ ఆమెవి కూడా అడిగి తీసుకుని, అన్నీ కలిపి ఒకేసారి మింగింది.

"అన్ని ఎందుకు వదినా?" అన్నాను.

"ఇవాళ ఒక్కరోజే కదా మరిదీ. ఈ గండం గడవనీ."

గండం అన్నది రక్తపోటు పరీక్షను. పనిచేసే ప్రతిచోటా బీపీ, షుగరు చూడాలని ప్రభుత్వం పాలసీ తెచ్చింది. ముందే కనిపెడితే పక్షవాతం రాదని మా గోడకు పోస్టరు కూడా అంటించారు. నిజమే. ముందే ఎవరైనా కనిపెట్టి ఉంటే నా భార్య ఇవాళ తన అక్కైన ఈ వదిన పక్కన కూర్చుని బూటు అడుగులకు జిగురు పూస్తుండేది. కానీ మా షెడ్డులో నర్సు అంకె చదివేది కాంట్రాక్టర్ వైపు తిరిగి. ఎక్కువొచ్చిన మనిషిని మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవారు.

అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. కుట్టు మిషను మీద పనిచేసే ఒకామెకు నోరు మూతపడదు. అందరూ రేడియో అంటారు. ఆమె బీపీ ఎప్పుడూ దివ్యంగా ఉంటుంది. భయపడే ఆడవాళ్లందరి బదులూ తనే వెళ్లి కూర్చునేది. ఒకసారి నెత్తిన గుడ్డ కట్టుకుని, ఒకసారి కళ్లజోడు పెట్టుకుని, ఒకసారి కుంటుకుంటూ.

"నా చేతికి అద్దె వసూలు చేస్తే ఈపాటికి మేడ కట్టేదాన్ని," అని నవ్వించేది.

ఆ రోజు కాంట్రాక్టర్ అందరి మెడలో ఫొటో కార్డులు వేయించాడు. అరువు చెయ్యి చెల్లలేదు. వరసలో నిలబడ్డ వదిన, కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, అలాగే కూలిపోయింది. ఇనుప బెంచీ అంచు నుదుటికి తగిలింది. నర్సు పరిగెత్తుకొచ్చి, అట్టల కట్ట మీద ఆమె కాళ్లు ఎత్తిపెట్టింది.

"బీపీ బాగా పడిపోయింది. ఏం మింగారు?"

కాంట్రాక్టర్ అక్కడే ఉన్నాడు. అయినా రేడియో అరిచింది. "మీ మిషనుకు భయపడి ఉన్న మాత్రలన్నీ మింగిందమ్మా!"

"రోగిష్టోళ్లతో నేను ఆర్డరు ఎలా పూర్తి చేసేది?" అన్నాడు కాంట్రాక్టర్. "ఈమె ఇక రానక్కర్లేదు. మిగతావాళ్లకు రేపు పరీక్ష."

ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లాం. డ్రైవరు ప్రతి గుంత దగ్గరా చూసి చూసి నడిపాడు. దారి పొడుగునా నర్సు వదిన తలను ఒళ్లో కదలకుండా పట్టుకుంది. కట్టు కట్టాక వదిన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట:

"నా బెంచీ మీద ఎవర్నన్నా కూర్చోబెట్టారా?"

"లేదు వదినా," అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

వరండాలో నర్సును అడిగాను. "మీ పాలసీలో మందులు లేవా తల్లీ?"

"అన్నీ ఉన్నాయండీ. మందులు, నెలనెలా చూడటం, అంకె ఆ మనిషికే చెప్పడం. మాకు మిషన్లు వచ్చాయి, మందులు రాలేదు. అంకె చెప్పకపోతే కాంట్రాక్టర్ లోపలికే రానివ్వడు. నాది కూడా ఎప్పుడు పీకేస్తారో తెలియని ఉద్యోగమేనండీ."

మర్నాడు కుళాయి దగ్గర అందరికీ ఆ మాటే చెప్పాను.

"ఆ మిషను పగలగొట్టేద్దాం, పీడా పోతుంది," అన్నాడు తోలు కత్తిరించే బాబాయి.

"పగలగొడితే నీ జబ్బు పోతుందా? మొన్నటినుంచి నీ మాట ముద్దముద్దగా వస్తోంది, నేను వినట్లేదనుకున్నావా?" అంది రేడియో.

"నీకేం తల్లీ, జబ్బు లేనిదానివి. ఎన్నైనా చెబుతావు."

రేడియో తన చెయ్యి చాపి చూసుకుంది.

"నా చెయ్యి ఇచ్చి మేలు చేస్తున్నాననుకున్నా బాబాయ్," అంది. "ఎవరికి ఎంతుందో ఎవరికీ తెలియకుండా చేశా. ఇక ఇవ్వను. అంకె మనకే చెప్పాలి. మందు ఇక్కడే ఇవ్వాలి. జబ్బుందని ఎవర్నీ తీసేయకూడదు, వదిన బెంచీ వదినకే ఉండాలి. ఒప్పుకునేదాకా చెయ్యి చాపం, బూటు కుట్టం."

గేటు అవతల పని కోసం వచ్చినవాళ్లు నిలబడి మావైపే చూస్తున్నారు. అప్పుడు జిగురు బెంచీ ఆడవాళ్లలోంచి ఒక సన్నటి గొంతు: "నాకు షుగరు." ఇంటాయనకు కూడా చెప్పలేదట. "నాకు బీపీ," అంది ఇంకొకామె. బాబాయి తల దించుకుని, "నాకూ ఉన్నట్టే ఉందిలే," అన్నాడు. అలా ఒక్కొక్కరే. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు నేల చూస్తూ మొదలుపెట్టినవాళ్లు, సగం షెడ్డు చెప్పేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

షెడ్డులోకి వెళ్లి, పని ముట్టకుండా కూర్చున్నాం. కుట్టు మిషన్లు మోగకపోవడంతో కాంట్రాక్టర్ ఊడిపడ్డాడు.

"ఎవర్రా మీ లీడరు?"

"బీపీ గారండీ," అన్నారెవరో వెనకనుంచి. భయంలోనే నవ్వారు జనం.

నర్సు వచ్చింది, మిషను సంచిలోంచి తీయలేదు. "అంకె మీకు చెప్పకూడదు సార్," అంది గోడవైపు చూస్తూ. కాంట్రాక్టర్ ఆమెను గెంటించేశాడు. కరెంటు తీయించాడు, కుళాయి కట్టేయించాడు. చీకటి పడేసరికి ఖాళీ చేయకపోతే పోలీసులతో ఈడ్పిస్తానన్నాడు. మేం లేవలేదు. వదిన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు.

పొద్దు వాలింది. రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడు. అలసిపోయిన ఆడవాళ్లు కొందరు తోలు కట్టలకు ఆనుకుని అప్పుడే కునుకు తీస్తున్నారు. రేడియో నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది.

గుమ్మంలో వాచ్‌మన్ తాత కనిపించాడు. జీపు రాగానే తలుపులు బార్లా తీసి ఉంచమని కాంట్రాక్టర్ ఆయనకు ఆజ్ఞ. ఒక చేతిలో స్టూలు, ఒక చేతిలో నీళ్ల బిందె.

"ఈ కాలు చూశావా," అన్నాడు నాతో గుసగుసగా, కట్టు కట్టిన పాదం చూపిస్తూ. "షుగరు పుండు. మానట్లేదు. ఇన్నాళ్లూ బూట్లో దాచుకున్నా."

బిందె మా మధ్య దించాడు. స్టూలు గుమ్మానికి లోపలివైపు వేసుకున్నాడు. తర్వాత కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేసి లోపలినుంచి గడియ పెట్టాడు.