కడ్డీ కింద కుర్చీ

నేను ఒక కుర్చీని. నా మీద మనుషులు కూర్చోరు, ఇనుప కడ్డీలు పడుకుంటాయి. సిమెంటు రోడ్డులో పలకకీ పలకకీ మధ్య అతుకు ఉంటుంది చూడండి, అక్కడ ఒక పలక మీద పడ్డ బరువు పక్కదానికి అందాలని నున్నటి కడ్డీలు అడ్డంగా పెడతారు. కాంక్రీటు పోసి అది గట్టిపడేదాకా వాటిని ఒరగకుండా మోయడమే నా పని. కడ్డీ ఒరిగితే ఎండకు పలక సాగలేక పగులుతుంది. సన్నటి ఊచలు వంచి నన్ను చేసినవాడు మాత్రం కుప్ప మీదకు విసిరేసి పోయాడు.

పనిలో చేరిన రోజున మేస్త్రి సూరిబాబు కుర్చీ తెమ్మంటే, కొత్త కూలి అప్పలనర్స వెళ్లి ఇంజనీరుగారి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చింది. ఆయన పాపం నిలబడే టీ తాగారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, నవ్వడానికి తీరికేది? కళ్లన్నీ వెంట తెచ్చుకున్న తన పాప మీదే. అప్పుడప్పుడే పాకుతున్న పిల్ల. పక్కన తెరిచి ఉంచిన సగం రోడ్డు మీద లారీలు.

చివరికి పాత చీర పేలిక ఒక కొస పాప నడుముకీ, రెండో కొస అప్పటికే కడ్డీ కింద నిలబెట్టిన నా కాలికీ కట్టింది. ముడి మీద ముడి వేసింది. పిల్ల లారీల వైపు లాగింది. నేను బిగబట్టాను. మళ్లీ లాగింది. ఒరిగిపోయాను.

కాంక్రీటు బండి వెనక్కి వస్తోంది. మేస్త్రి చూశాడు.

"కడ్డీ వంకరైపోనాది. పిల్లని తియ్యమ్మా."

"తీసి ఎక్కడెట్టమంటావు బాబూ? అటు లారీలు, ఇటు మీ సిమెంటు."

"రేపట్నుంచి పిల్లతోటి రాకు."

"ఎవులికిచ్చి రాను?"

మేస్త్రి వంగి, దారం పట్టి చూసి మరీ నన్ను నిటారుగా నిలబెట్టాడు. కడ్డీ ఒరగకూడదని అంత జాగ్రత్త.

ముడి ఊడలేదు. ఆమె పేలికను పళ్లతో కొరికి తెంపి, పిల్లను చంకనేసుకుంది. నా మీద కాంక్రీటు పడింది.

అది గట్టిపడి చాలాకాలమైంది. ఇప్పుడు కడ్డీకి నాతో పని లేదు. పైన చక్రాలు అతుకు దాటినప్పుడల్లా టప్పుమంటుంది. ఆ చప్పుడు ఆగినప్పుడు, పాకే చేతుల అలికిడి ఏమైనా వినబడుతుందా అని చెవి ఒగ్గుతాను. ఆ ముడి ఇంకా నా కాలికే ఉంది. పిల్ల నడుముకున్న కొసను ఆమె ఎక్కడ కట్టిందో.