టోకెన్ కిటికీ మీది పటం

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పుతుంటాయి, చెప్పడమూ మెల్లగా సాగుతుంది. మన్నించి, సర్దుకొని చదువుకోండి.

మా వీధి చివరి ప్రభుత్వ ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చేది నేను. మా ఆయన అక్కడే వాచ్‌మన్‌గా చేసి పోయాడు. ఆయన పోయిన ఏడు నా కిటికీ పైన మేకు కొట్టి దేవుడి పటం తగిలించాను. వచ్చినవాళ్లు దానికి దండం పెట్టి టోకెన్ తీసుకునేవారు. పెట్టమని నేనెవరికీ చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ఒక ఫిర్యాదు, దాని కింద పై ఆఫీసు ఉత్తర్వు అంటించి ఉన్నాయి. ఆ రోజే పది గంటలకల్లా పటం తీసేయాలట. ఫిర్యాదును వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ‘దండం పెట్టినవాళ్లకే ముందు నంబరు ఇస్తోంది. మాది వేరే మతం. జ్వరంతో ఉన్న బిడ్డతో మూడు గంటలు కూర్చున్నాను.’

అబద్ధం అందామనుకున్నాను. కానీ నిజమే. దండం పెట్టినవాళ్లు చనువుగా కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాచేవారు. దూరంగా నిలబడ్డవాళ్లను ‘కాస్త ఆగు’ అనేదాన్ని.

తొమ్మిదిన్నరకు మా మరిది పదిమందిని వెంటేసుకొచ్చి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. గేటు బయట ఒకామె బిడ్డను భుజాన వేసుకొని, లోపలికి రాలేక ఆగిపోయింది. ఆ ముఖం నాకు గుర్తే.

"పటాన్ని ఎవడు ముట్టుకుంటాడో చూస్తాం!" అన్నాడు మరిది.

డాక్టరమ్మది కూడా వేరే మతమే. ఆమె చెయ్యి వేస్తే చాలు, గొడవ అంటుకుంటుంది.

"పది దాటితే నేనే తీయాలి పెద్దమ్మా," అందామె నా చెవిలో.

నేను స్టూలు లాక్కొచ్చి ఎక్కాను.

"వదినా, దిగు! మతిపోయిందా నీకు?"

"స్టూలు ఊగుతోంది, పట్టుకోరా. పడితే మళ్లీ ఇక్కడే చేర్పించాలి నన్ను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వాడి ముఖం కందగడ్డయింది.

"ఆ డాక్టరుకు భయపడ్డావా? అన్న ఉంటే ఏమనేవాడు?"

"నేను పెట్టాను, నేనే తీస్తున్నాను. మధ్యలో నీకేంటి?"

మేకు తుప్పు పట్టి పటం కదల్లేదు. వాడితో వచ్చిన ఒకడు స్టూలు కోడు మీద కాలు వేశాడు. ఒక్క తన్ను చాలు. కిందికి చూడకుండా రెండు చేతులా లాగాను. మేకుతో సహా ఊడొచ్చింది.

"ఇటివ్వు," అని మరిది చేతులు చాచాడు. ఇస్తే దాన్ని నెత్తిన పెట్టుకొని వీధంతా తిరిగేవాడు. ఇవ్వలేదు. దిగి, కొంగులో చుట్టి చంకన పెట్టుకున్నాను.

"ఇది నా ఇంటికి పోతుంది. దండం పెట్టాలనుంటే అక్కడికి రా, టీ కూడా ఇస్తాను. ఇక్కడ రోగులున్నారు, దారివ్వు."

"నీ గడప తొక్కితే ఒట్టు!" అని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కాసేపు తటపటాయించి వెనకే పోయారు.

టోకెన్ పట్టుకొని గేటు దగ్గరికి వెళ్లాను. ఆమె నా చంక వైపు చూసింది.

"ఇప్పుడూ దానికి దండం పెట్టాలా?"

"అక్కర్లేదమ్మా. బిడ్డకు ఏమైంది?"

"మళ్లీ జ్వరం."

టోకెన్ తీసుకొని, నా ముఖం చూడకుండానే లోపలికి వెళ్లింది.

మా మరిది ఒట్టు తప్పలేదు. రెండేళ్లయింది.

ఇట్లు, టోకెన్ల పెద్దమ్మ. అరవై ఆరేళ్లు. ఆసుపత్రి వెనక సందులో, మేడ మీది గదిలో ఉంటున్నాను.