దోర్కా పారకి పొన్ను

విల్‌ఫ్రెడ్ చీపురుపుల్లను గరిటెలోని తగరంలో ముంచి తీశాడు. పుల్ల భగ్గుమంది. వేడి ఎక్కువైంది. గరిటెను కుంపటి మీంచి దించి, కళ్లు సగం మూసుకుని కూర్చున్నాడు. కరిగిన తగరంలో ఖరిదా పేట సందు మీది ఆకాశం, తీగ మీద ఆరేసిన చీర, తన నెరిసిన కనుబొమలు కలిసి మెల్లగా ఊగుతున్నాయి.

చదువు పట్టా లేక రైలుపట్టాల కొలువు దొరకలేదు ఆయనకు. వడ్రంగుల ఉలులకూ సుత్తులకూ పిడులు చెక్కి, అవి చీలకుండా కొసన తగరపు పొన్ను పోసి బతికాడు. పిడులు ఆయనవి; పిడివాదం భార్య దోర్కాది.

పోతే పోయిందిలే అనడానికి వీల్లేని పని ఈ పోత. ధార మధ్యలో ఆగిందా, తగరం అతుకుపడి ఊడిపోతుంది. వానాకాలంలో కుడిచేతికి వణుకు పట్టింది. నిన్న వడ్రంగి దేముడి ఉలి అలాగే పాడైంది. దేముడు పూర్తి కూలీ చేతిలో పెట్టి పట్టుకుపోయాడు. ఆ కూలీయే విల్‌ఫ్రెడ్‌కు కాలింది.

"ఇంక సాలయ్యా. కుంపటి ఆర్పీ," అంది దోర్కా గుమ్మంలోంచి.

"నీ దోకుడుపార ఒక్కటే మిగిలినాది. ఇదీ పాడైతే కుంపటి నువ్వే పారీ."

"పెళ్లైన కాడ్నించి అడిగినాను. ఇన్నాళ్లకి నా వంతొచ్చినాదేటి?"

"ఊరి పిడులన్నీ అయినాకే పెళ్లాం పిడి!"

"పిడి కాదు, పిడుగు. సూసుకో."

కలుపు తీసే ఆ చిన్నపార పిడి కొసన గాడి తీసి, పోతకు అచ్చుగా దళసరి కాగితం చుట్టాడు. దారం కట్టడానికి వేళ్లు మాట వినలేదు. దోర్కా లాక్కుని, కనకాంబరాల దండ కట్టినట్టు బిగించింది.

"పువ్వులు కావే అయి."

"నోరు మూసుకుని తగరం పొయ్యి."

ఈసారి పుల్ల గోధుమరంగుకు తిరిగిందంతే. గరిటె ఎత్తాడు. అంచు వణికింది. ఏనాడూ కుంపటి దరికి రాని దోర్కా ఆయన మణికట్టు కింద చెయ్యి పెట్టింది. పట్టుకోలేదు, ఊరికే పెట్టింది. తగరం ఒకే ధారగా, చప్పుడు లేకుండా, కాగితంలోకి దిగి నిండింది.

మెరుపు మాసి మీగడలాంటి పొర కట్టేదాకా కదపకూడదు. 'నిద్రోవడం' అంటాడాయన దాన్ని. గోడకు చేరగిలబడి చూస్తున్నాడు. దూరంగా నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతున్నాయి.

"నిద్రోనాక సెప్పు. టీ తెస్తాను."

"సెప్తాన్లే."

చెప్పలేదు. దోర్కా వచ్చేసరికి తగరం పొర కట్టేసింది.

"నిద్రోనాది కదయ్యా, పిలవలేదేటి?" అని, అప్పుడు ఆయన వైపు చూసింది. గ్లాసు నేల మీద పెట్టింది. వాలిపోయిన మణికట్టు కింద మళ్లీ చెయ్యి పెట్టింది. వణుకు లేదు.

ఆ పార ఇప్పుడు కనకాంబరాల మడి దగ్గర ఉంటుంది. పొన్నుకు ఎక్కడా అతుకు లేదు. చుట్టూ మాత్రం దోర్కా బిగించిన దారం సన్నటి గీతగా నిలిచిపోయింది, ఉన్నన్నాళ్లూ ప్రతి పోతలోనూ ఆయన ముందుగా ఆకురాయితో అరగదీసే గీత.