బ్రష్షు తుడిచిన కొయ్య

కలప పరిశోధన కేంద్రంలో అందరూ 'నూనె పెద్దాయన' అని పిలిచే ముసలాయన మోకాళ్ల మీద వంగి, నూనె పూసి చెదపుట్టల మధ్య పాతిన పదకొండో కొయ్యను పీకి, మట్టి దులిపి వేలి కణుపులతో తట్టాడు. టక్కుమంది. చెద ముట్టలేదు. పక్కనున్న పన్నెండోది నూనె పూయని వట్టి కొయ్య. దాన్ని చెద తినెయ్యాలి, అప్పుడే నూనె పనిచేసినట్టు. కాని ఆరేళ్లుగా అదీ చెక్కుచెదరలేదు.

"రాసినా రాయకపోయినా ఒకటే అయితే ఈ నూనె దేనికి పెద్దాయనా?" అంది నిన్న కేంద్రం నడిపే మేడమ్. పరీక్ష ఆపేస్తున్నట్టు ఈవేళ పైవాళ్లకి ఉత్తరం వెళుతుంది. కొయ్యలన్నీ పొయ్యిలోకి.

దేవదారు పొట్టును ఆవిరి పట్టి, బొట్టుబొట్టుగా నూనె దించడంలోనే ఆయన బతుకు తెల్లారిపోయింది. "మీరు కట్టుకున్నది నన్నా, చెక్కబీరువానా?" అని భార్య పోయేదాకా దెప్పుతూనే ఉంది. పిల్లల్లేరు. నాదీ అని చెప్పుకోవడానికి ఈ నూనె ఒక్కటే.

పన్నెండో కొయ్యను పీకి, ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దేవదారు వాసన! ఏటా పదకొండు కొయ్యలకీ నూనె పూశాక, మిగిలిన తడి వృథా కావడం మనసొప్పక బ్రష్షును పక్కదానికి తుడిచేవాడు. ఆ పక్కది ఇదే. తన పీనాసి చెయ్యే ఇంత పని చేసింది. మరుక్షణం ఒళ్లు పులకరించింది. బ్రష్షు తుడుపుకే చెద రాలేదంటే, నూనె ఎంత గట్టిదో!

కొయ్య పట్టుకుని ఆఫీసు మెట్లెక్కాడు. రెండు నెలలుగా మూడో మెట్టు దగ్గరే ఆయాసం వస్తోంది. ఈవేళ మాత్రం ఎక్కడా ఆగలేదు.

"ఉత్తరం వెళ్లిపోయిందా?"

"సంతకానికి పెట్టాను. మేడమ్ ఫోన్లో ఉన్నారు, కూర్చోండి బాబాయ్," అన్నాడు గుమాస్తా.

"ఆపమను నాయనా. నేనో మాట చెప్పాలి."

గుమాస్తా సరేనని కాగితాల్లో తల దూర్చాడు. పెద్దాయన కొయ్యను ఒళ్లో పెట్టుకుని, చెప్పాల్సింది లోలోపల కూడబలుక్కున్నాడు. చెమట పట్టింది. తల గోడకు ఆన్చాడు.

మేడమ్ తలుపు తీసి, "రండి పెద్దాయనా," అంది. ఆయన లేవలేదు.

శవాన్ని మోసుకెళ్లేటప్పుడు తలుపు మాటిమాటికీ మూసుకుపోతుంటే, గుమాస్తా కింద పడ్డ కొయ్యను దాని అడుగున దోపాడు. పెద్దాయన ఏం చెప్పాలనుకున్నాడో ఎవరికీ తెలియలేదు. ఉత్తరం ఆ సాయంత్రమే వెళ్లింది. మిగతా కొయ్యలు కాలిపోయాయి.

కొన్నేళ్లకు ఆ తలుపుకి, ద్వారబంధానికి చెద పట్టి పొట్టు రాలడం మొదలైంది. తలుపు కింద దోపిన కొయ్య మాత్రం తడితే ఇంకా టక్కుమంటుంది.