స్విచ్చి ఎవరి చేతికి అందాలి

గమ్హరియాలో సుత్తులకీ గొడ్డళ్లకీ కర్ర పిడులు చేయించే యజమానులారా, మార్తా వేళ్లు రెండూ తీసింది మీరే. కర్రని తిప్పి నున్నగా చెక్కే ఖరాదు మిషను ఒక మూలనా, దాని స్విచ్చి పదడుగుల అవతల గోడకీ పెట్టించింది మీరు. తిరిగే కర్రకి అడ్డుండాల్సిన మూతని, పని జోరు తగ్గుతోందని విప్పించి మూల పడేసింది మీరు. వేళ్లు పోయాక రిపోర్టులో "భాష తేడా వల్ల ప్రమాదం" అని రాసి, "పనిలో హిందీయే మాట్లాడాలి" అని గోడకి బోర్డు కొట్టించిందీ మీరే. బోర్డుకి మేకులు దొరికాయి గానీ, స్విచ్చి దగ్గరికి జరపడానికి నాలుగు గజాల తీగ దొరకలేదు మీకు.

ఇది జరిగి ఆరేళ్లు. మార్తా ఎడమచేతికి చూపుడువేలూ నడిమివేలూ సగమే ఉన్నాయి. ఉన్నవాటితో అన్నీ చేసుకుంటుంది. బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్ల వెనక, చర్చికి ఆనుకున్న రేకుల గదిలో ఆడవాళ్ల సంఘం నడుపుతోంది. శనివారం పొద్దున ఆ గదిలోకి మళ్లీ ఒక ఖరాదు మిషను వచ్చింది.

బల్ల మీద పెట్టుకునే చిన్నది. అప్పడాల కర్రలూ బొంగరాలూ తరిమెన పట్టడానికి సరిపోతుంది. సిద్ధగోరాలో ఉండే సోమేశ్వరరావు అనే రిటైరైన ఇంజినీరు, తన దగ్గర ఊరికే పడుందని కారు డిక్కీలో వేసుకుని తెచ్చి ఇచ్చాడు. మంచివాడే. మంచివాళ్లకి తొందరెక్కువ. పదకొండింటికి వచ్చి ప్రార్థన చేసి మొదలుపెట్టించమని పాస్టరుగారికి కబురు కూడా పెట్టేశాడు.

నడపబోయేది మార్తా మేనకోడలు సుకీర్తి. ఇరవై మూడేళ్ల పిల్ల. అత్త మాట్లాడేది తెలుగు, తను జవాబిచ్చేది హిందీ. ఈ పిల్ల వేళ్లు పదీ పదిగానే ఉండాలి. ఆ పొద్దున మార్తాకి వేరే ఆలోచన లేదు.

మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగే కర్రకి అడ్డుండే మూత దీనికీ లేదు.

"దీని సిచ్చేది బాబూ?"

"కాలిపోయిందమ్మా. తీసేయించి డైరెక్టు చేయించా. గోడ స్విచ్చి ఉందిగా," అన్నాడు సోమేశ్వరరావు.

గోడ స్విచ్చి గుమ్మం పక్కన ఉంది. మిషనేమో వెలుతురు కోసం కిటికీ దగ్గర పెట్టారు. మార్తా గుమ్మం దగ్గరికి వెళ్లి ప్లగ్గు ఊడబీకి, మిషను తీగ చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. తినబోయే ముందు చెయ్యి కడుక్కున్నట్టు, మిషను ముట్టుకోబోయే ముందు అది చేస్తుందావిడ.

"చున్నీ తీసి అవతల పెట్టే. జడ లోపలికి దోపుకో. ఆ గాజేటి, పెళ్లికెళ్తన్నావా?"

"ఏక్ హీ తో హై, అత్తా."

"నిన్ను లోపలికి లాగడానికి ఒకటే ఎక్కువ. తియ్యి."

సుకీర్తి తీసింది. వెనక రైల్వే యార్డులో వ్యాగన్లు ఢీకొని తగులుకున్నప్పుడల్లా బల్ల సన్నగా వణుకుతోంది. మార్తా నాలుగు బోల్టులూ బల్లలోంచి దిగేసి, పానాతో మిషన్ని బిగించింది. బల్ల కాళ్లు మాత్రం ఇంకా ఊగుతూనే ఉన్నాయి. నలుచదరపు చెక్క ముక్కొకటి మిషను రెండు మొనల మధ్య అమర్చి, ఉలి ఆనించే కమ్మీని దాని దగ్గరికి జరిపింది.

"చెక్కకీ దీనికీ ఎడం ఒక సూత్. అంగుళంలో ఎనిమిదో వంతు. ఇప్పుడు చేత్తో ఒక చుట్టు తిప్పు."

సుకీర్తి తిప్పింది. చెక్క అంచు టక్కున కమ్మీకి కొట్టుకుంది.

"మిషను తిప్పుంటే?"

"ముహ్ పే ఆతా," అంది సుకీర్తి.

"ఆ. మొహం మీదకే. అందుకే ముందు చేత్తో తిప్పాలి, తర్వాతే కరెంటు."

కమ్మీ వెనక్కి జరిపి మళ్లీ తిప్పారు. ఈసారి ఎక్కడా తగల్లేదు. సోమేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. పదిన్నర దాటింది.

"సుకీర్తీ, నువ్వెళ్లి స్విచ్చి దగ్గర నిలబడమ్మా. అత్తయ్య బిగించేశాక ఒకసారి చూసేద్దాం."

సుకీర్తి గుమ్మం దగ్గరికి వెళ్లింది. మార్తా ఎడమ అరచెయ్యి చెక్క మీద వేసి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ రెండో కొస మొనని బిగిస్తోంది. బిగించి, కదిపి చూసి, మళ్లీ పావు చుట్టు బిగించింది. సోమేశ్వరరావుకి ఓపిక అయిపోయింది.

"చాలు మార్తమ్మా, చాలు."

గుమ్మం దగ్గర టిక్కుమంది. స్విచ్చి బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది.

మార్తా చెయ్యి చెక్క మీదే ఉంది. తీగ భుజాన ఉంది. గదిలో ఏదీ తిరగలేదు.

"ఎవరెయ్యమన్నారే?" అని మెల్లగా అడిగింది మార్తా.

"అంకుల్‌నే బోలా నా, చాలూ."

హిందీలో చాలూ అంటే నడిపించమని. తెలుగులో చాలంటే ఆపమని. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష నడిచే ఇలాంటి ఊళ్లోనే ఈ తప్పు పుడుతుంది. సోమేశ్వరరావు చేతులు వెనక్కి కట్టుకుని బల్ల దగ్గర్నుంచి రెండడుగులు జరిగాడు.

మార్తా చక్రం వదిలి స్టూలు మీద కూచుంది.

"ఆ రోజు నేనన్నదీ ఈ మాటే. చెక్క మీద నా చెయ్యుండగానే, రెండో కొస పట్టుకున్న మనిషితో చాలన్నాను. గోడ దగ్గర రీనా ఉండేది. తెలుగు రాదు దానికి. చాలూ అని వినబడింది, వేసింది. మర్నాడే దాన్ని పన్లోంచి తీసేశారు."

"ఆప్‌నే కభీ బతాయా నహీఁ," ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగింది సుకీర్తి. స్విచ్చి తీసేసి వచ్చి అత్త పక్కన నిలబడింది.

"సిగ్గేసిందే. తప్పు నీ నోటిదేనని యజమానులంటే నిజమే అనుకున్నాను. ఆరేళ్లు అలాగే అనుకున్నాను. ఇయ్యాల చూడు, చదువుకున్నాయన అన్నాడు, చదువుకున్న దానివి నువ్వు విన్నావు. ఎవరి నోరు కొయ్యమంటావు?"

సోమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "పోనీ ఇకమీదట ఆపమనడానికి 'బస్' అందామమ్మా. ఎవరికైనా అర్థమవుతుంది."

మార్తాకి నవ్వొచ్చింది. "వాళ్లూ మాటే మార్చారు బాబూ. మీరు బస్సన్నప్పుడే యార్డులో ఇంజను కూసిందనుకోండి, అప్పుడేటి చేత్తారు? చెయ్యొకరిదీ సిచ్చొకరిదీ అయితే ఏ భాషైనా వేళ్లు తీసేత్తది."

"పాస్టరుగారు వచ్చేస్తారు మరి."

"రానీయండి. ప్రార్థన చేసుకుందాం, టీ తాగుదాం. వాటికి కరెంటక్కర్లేదు."

ఆవిడ లేచి, భుజాన ఉన్న తీగ తీసి చేతికి చుట్టుకుంది. గొంతు పెంచలేదు.

"జుగ్‌సలాయి బజారు తెరిచే ఉంటది. ఇప్పుడే వెళ్లండి. గుద్దితే ఆగిపోయే ఎర్ర బటను సిచ్చి తెండి. పని చేసే మనిషి నిలబడ్డ చోటినుంచి కదలకుండా అందేలాగ బిగించండి, ఆ మనిషి తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. వత్తా వత్తా మేస్త్రీని తీసుకురండి, ఈ బల్ల కాళ్లు నేలలోకి దింపాలి. దీని మూత మీ ఇంట్లో ఎక్కడ పడుందో వెతికి తెచ్చి తగిలించండి. అదయ్యేదాకా మా పిల్ల దీని ముందు నిలబడదు."