మోచేతి పట్టు

మొగుడు పోయాక టైలరమ్మకు మిగిలినవి రెండే: రోడ్డు వైపున్న కుట్టు దుకాణం, దాని వెనక గదిలో అత్తగారు. ఆ దుకాణం మీద మొగుడి అన్న, బావగారి కన్ను పడింది. అడిగాడు, బెదిరించాడు, చివరికి ఓ మిట్టమధ్యాహ్నం వచ్చి కుట్టుమిషన్ను వీధిలోకి విసరబోయాడు. ఆమె అడ్డుపడింది. అతను షట్టరు దించే ఇనపకడ్డీ అందుకున్నాడు. తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టకపోతే ఆ పూటే ఆమెకు నూకలు చెల్లేవి. మోచెయ్యి పెళ్లున విరిగింది. కిందపడ్డాక కూడా అదే చోట మడమతో తొక్కాడు.

"ఇక కుట్టుకో," అని వెళ్లిపోయాడు.

సర్జన్ ఎముక ముక్కలన్నీ కూర్చి, ప్లేటు వేసి స్క్రూలు బిగించాడు. "ఎముక మేం అతికించామమ్మా. కీలును కదిలించాల్సింది మీరే. నొప్పని ఊరుకుంటే అలాగే బిగుసుకుపోతుంది," అన్నాడు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఇంకో మాట చేర్చింది: "అలాగని ఎవరిచేతా గుంజించుకోకండి. మీ బలంతో మీరే వంచాలి."

వంచడమంటే నరకం. బల్లమీద దిండు వేసి, చెయ్యి ఆనించి, పళ్లమధ్య గుడ్డ కరిచిపట్టుకుని వంచేది. కళ్లముందు చుక్కలు కనిపించేవి. ఎంత వంచినా చెయ్యి నోటికి జానెడు దూరంలో ఆగిపోయేది. అత్తగారే తినిపించేది, జడ వేసేది. కానీ కన్నకొడుకు గురించి నోరు విప్పేది కాదు. ఎంతైనా కడుపుతీపి కదా అనుకునేది కోడలు. ఆ మౌనం ముల్లులా గుచ్చుకునేది.

బెయిలు మీద బయటికొచ్చిన బావగారు ఓ సాయంత్రం తిన్నగా వెనక గదిలోకే వచ్చాడు.

"అమ్మా, కోర్టులో అది జారిపడిందని చెప్పు. అంతే."

"నా కళ్లతో చూశాన్రా."

"చూసిన కళ్లు మూసుకో."

"మూసుకునే నిన్ను ఇంతవాణ్ణి చేశాను. ఇక నావల్ల కాదు."

అతను తల్లి జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సున్నం మీద నెత్తురు చారలు పడ్డాయి. ఆపైన గొంతు పట్టుకున్నాడు.

కోడలు దుకాణంలోంచి ఉరికొచ్చి, వెనకనుంచి మీదపడి అతని మెడచుట్టూ కుడిచెయ్యి వేసింది. పూర్తిగా చాపలేని, పూర్తిగా ముడవలేని చెయ్యి అది. కొక్కెంలా గొంతుకింద ఇరుక్కుంది. ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టి లాగింది. అతను ఆ మోచేతినే పిడికిలితో గుద్దాడు. కుట్ల మచ్చను గోళ్లతో చీల్చాడు. లోపల ఏదో టక్కుమంది. ఆమె గావుకేక పెట్టింది గానీ వదల్లేదు. ఇన్నాళ్లూ వంగనంత వంచింది. అతని మోకాళ్లు నేలకు తగిలాయి. కళ్లు తేలేశాడు.

"వదిలెయ్యమ్మా," అంది అత్తగారు గోడవారనుంచి. "వాడిమీద జాలితో చెప్పట్లేదు. నువ్వు జైలుకెళితే నాకు దిక్కెవరు?"

వదిలింది. పరిగెత్తుకొచ్చిన పక్కింటివాళ్లు అతన్ని కట్టిపడేసి పోలీసులకు అప్పగించారు.

ప్లేటు కదిలింది, స్క్రూలు ఊడాయి. మళ్లీ కోయాల్సివచ్చింది. ఇదెలా జరిగిందని సర్జన్ అడిగితే, "ఎక్సర్‌సైజు కాస్త ఎక్కువైంది లెండి," అంది అత్తగారు, తలకు కట్టుతోనే.

మళ్లీ దిండు, మళ్లీ గుడ్డ. చెయ్యి ఇప్పటికీ తిన్నగా సాగదు గానీ నోటికి అందుతోంది, కత్తెర పడుతోంది.

కోర్టులో అత్తగారు చూసింది చూసినట్టు చెప్పింది. శిక్షపడిన కొడుకును పోలీసులు తీసుకెళుతుంటే బెంచీమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కోడలు ఊరుకోమనలేదు. ఏడుపు తెరిపిచ్చేదాకా పక్కనే కూర్చుంది.